వంకాయరంగు చెడ్డీలు

జనవరి 19, శుక్రవారం

సుగుణ అన్నం క్యారియరు మరిచిపోయి నీళ్ళ పార్కులో పనికి పోయింది. ఇచ్చి వద్దామని జమ్మలమడుగు బస్సెక్కాను. పార్కు దగ్గర దిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కండక్టరు మెట్ల మీంచి వంగి మరీ అడిగాడు — "ఈ చలిలో ఈత కొట్టేదానికా పెద్దాయనా?"

లోపల ఎవరూ లేరు. ఎండాకాలంలో కడప నుంచి, అనంతపురం నుంచి వ్యాన్లు కట్టించుకుని వచ్చి ఒకరి మీద ఒకరు పడి నానుతారు. ఇప్పుడు పెద్ద జారుడు గొట్టం నోట్లో పావురాలు కాపురం పెట్టాయి. వేవ్ పూల్‌లో అల లేదు, పాచి ఉంది. మైకు మాత్రం పాడుతూనే ఉంది. వినేవాళ్ళు ఇద్దరు — బట్టల గదిలో నా కూతురు, మేనేజరు కుర్చీలో నా అల్లుడు ప్రకాశం.

పక్కనే పెన్న. ఇసుక తప్ప చుక్క లేదు. ప్రొద్దుటూరులో కొళాయి రోజు మార్చి రోజు. ఇక్కడ మాత్రం బోర్ల మీద బోర్లు వేసి సముద్రం పుట్టించాడు పార్కు ఓనరు నారపన్న. రోములో చక్రవర్తులు కోటలాంటి మైదానంలోకి నీళ్ళు వదిలి ఓడల యుద్ధం ఆడించి జనానికి చూపించేవారని మిషన్ హైస్కూల్లో ఏటేటా పాఠం చెప్పాను. వెనక బెంచీలో కూచుని, చెక్క మీద కత్తితో పేరు చెక్కుకున్న నారపన్న ఆ ఒక్క పాఠం విన్నట్టున్నాడు.

జనవరి 20, శనివారం

ఇవాళ పార్కుకు వచ్చినవాళ్ళు — ఒక కొత్త జంట, ఒక మేక. మేకకు టిక్కెట్టు లేదు. సుగుణ చెప్పి నవ్వింది. జీతమిచ్చే చోటు ఖాళీగా ఉంటే ఈ పిల్లకు నవ్వెట్లా వస్తుందో.

జనవరి 21, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి వరండాలో ప్రకాశం. కుర్చీ ఉన్నా నిలబడే ఉన్నాడు. ఈయన నిలబడితే నాకు భయం, కూచుంటే విసుగు.

"మామా, ఇరవై ఆరు శుక్రవారం వచ్చింది. మూడు రోజులు సెలవు. ఆదివారం హైదరాబాదు నుంచి మంత్రి వస్తాండాడంట. పార్కు నిండల్లంటాండాడు నారపన్న."

"నిండమను."

"మన చర్చి వాండ్లను ఆడోళ్ళు పిల్లోళ్ళతో ఒక రెండు బస్సులు తోలుకొని రమ్మన్నాడు. మీరు చెప్తే వింటారు గదా."

కుదరదన్నాను. ఎందుకు కుదరదో ఈయనకు తెలుసు, అయినా అడుగుతాడు. మా దగ్గర పార్టీ అంటే జెండా కాదు, మనిషి. ఒకరి బస్సెక్కితే వాళ్ళ మనిషివి. ఒకరి అంగట్లో టీ తాగితే వాళ్ళ మనిషివి. కమలాపురం టైలరు యాకోబు వానలో తడుస్తున్నాడని దారిన పోయే జీపు వాళ్ళెవరో పాపం ఎక్కించుకున్నారు. దిగినప్పటి నుంచి యాకోబు "వాండ్ల మనిషి". నెల తిరక్కుండా అంగడి కాలిపోయింది, కుట్టుమిషన్లతో సహా. జీపు ఎవరిదో కూడా ఆయనకు తెలియదు.

నా ఇంటి పేరు ఏ జీపు లెక్కలోనూ లేదు. నేను కూడబెట్టిన ఆస్తి అదొక్కటే. నా అల్లుడు నారపన్న దగ్గర కొలువుకు చేరిన రోజే అందులో సగం పోయింది. మిగతా సగం బస్సులకెక్కించమంటాడు.

"జీతానికి పని చేస్తాండా, అంతే మామా. పార్టీలో లేను."

ఆ మాట నువ్వంటే సరిపోదు నాయనా. అవతలివాడు అనాలి.

జనవరి 22, సోమవారం

నాతో పాటు ఏళ్ళ తరబడి స్టాఫ్ రూములో కూచున్న తెలుగు పండితుడు మంత్రి మీద పద్యాలు అల్లుతున్నాడట. పార్కు గేటు దగ్గర చదువుతాడట. "సీమకు సాగరమును తెచ్చిన" అని మొదలట. ఈయన ఒకప్పుడు నా దగ్గర పుస్తకాలు తీసుకుపోయి, నాకే ఆ పుస్తకాల్లోని మాటలు తన మాటలుగా చెప్పేవాడు. నేను మరిచిపోలేదు. సాగరమట. ఉప్పయినా వేయించమని చెప్పాలి.

చలికాలంలో పార్కెందుకు ఖాళీ అని ప్రకాశం చార్టులు గీస్తున్నాడు. చలి, పరీక్షలు, పంట కోతలు అని రాసుకున్నాడు. ఒరే, ఎండాకాలం వచ్చేది బయటి ఊళ్ళ జనం. వాళ్ళకు నీళ్ళు చాలు. చలికాలం సెలవుల్లో రావలసింది చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. వాళ్ళు ఎక్కడికీ ఊరికే పోరు, ఎవరో ఒకరి తరఫున పోతారు. నారపన్న పార్కులో నారపన్న మనుషులు తడవాల్సిన పని లేదు, వాళ్ళ బలం అందరికీ తెలుసు. ఆయనంటే గిట్టని జమ్మలమడుగు వీరప్ప మనుషులు గడప తొక్కరు. ఇంక వచ్చేదెవరు? మేక.

జనవరి 23, మంగళవారం

సందు మొదట్లో మస్తాన్ టీ కొట్టు. రెండు పార్టీల వాళ్ళూ తాగని టీ అమ్మి బతుకుతున్న ఏకైక మనిషి. అందుకే ఆయన టీ ఆయనా నేనూ ఇద్దరమే ఎక్కువ తాగుతాం. ఇవాళ గ్లాసు చేతికిస్తూ గొంతు తగ్గించాడు.

"సారూ, కబురు విన్నారా? వీరప్ప టిక్కెట్లు కొంటాండాడు."

"ఏ టిక్కెట్లు?"

"పార్కువే! ఆదివారానికి. కట్టలు కట్టలు. జమ్మలమడుగు నుంచి మనిషిని పంపి కౌంటర్లో దుడ్లు కట్టి తీసుకపోయినాడంట. టిక్కెట్టు కొనుక్కొని పోతాం, ఎవడాపుతాడో చూస్తాం అంటాండాడు."

అర్థమయింది. వీరప్ప మొన్నటి దాకా ఆ పార్టీ. కండువా మార్చి నారపన్న పార్టీలోకి వచ్చాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే జెండా కింద ఉన్నారు. ఎమ్మెల్యే సీటు మాత్రం ఒకటే. మంత్రి వచ్చేది నీళ్ళు చూడ్డానికి కాదు, ఎవరి వెనక ఎంత జనముందో చూడ్డానికి. సొంత పార్కులో నారపన్న జనం కంటే తన జనం ఎక్కువ కనబడాలని వీరప్ప పంతం.

"యా అల్లా, ఆ గేటు కాడ నిలబడేది ఎవరు సారూ?" అన్నాడు మస్తాన్.

గేటు కాడ నిలబడేది నా అల్లుడు. పక్కన నా కూతురు.

జనవరి 24, బుధవారం

ప్రకాశం అన్నం కలిపి పెట్టుకుని తినలేదు. ఆపితే వీరప్పకు పగ. వదిలితే నారపన్నకు ద్రోహి. లోపల రెండు గుంపులూ కలిస్తే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

సెలవు పెట్టమన్నాను. జ్వరమని చెప్పి పులివెందులలో అన్న ఇంటికి పొమ్మన్నాను. వెంటనే ఒప్పుకున్నాడు. ఇంత తొందరగా నా మాట ఈయన ఎప్పుడూ వినలేదు.

సుగుణ చారు గిన్నె కింద పెట్టింది. "ఎన్నాళ్ళు దాక్కుంటావు? నువ్వు ల్యాకపోతే గేటు కాడ నేనుంటా. అప్పుడు సంతోషమేనా?"

వాళ్ళమ్మ నోరే.

జనవరి 26, శుక్రవారం

పార్కులో జెండా వందనం. నారపన్న ఎగరేశాడు. తాడు చిక్కుపడితే తుపాకి లైసెన్సున్న మనిషొకడు ఎక్కి విడిపించాడు. దేశభక్తి.

రాజుపాలెం వైపు నుంచి బస్సుల్లో మనుషులు. ఆదివారానికి ఇది రిహార్సలట. పార్కు నిండింది — నా జీవితంలో ఇంత పొడి జనాన్ని చూడలేదు. ఒక్కడూ నీళ్ళలో కాలు పెట్టలేదు. చొక్కా విప్పితే నడుముకు ఏముందో బయటపడుతుంది గదా. తెల్ల చొక్కాలు, భుజాన కండువా, చంకలో కూరగాయల సంచీ. సంచీని గట్టు మీద పెట్టేటప్పుడు పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెడతారు. ఎందుకో నాకు తెలుసు, కానిస్టేబులుకూ తెలుసు. కానిస్టేబులు ఐస్‌క్రీం తింటున్నాడు. చుట్టూ నీళ్ళు, మధ్యలో బీడీలు. నీళ్ళ మీదా బీడీ ముక్కలే తేలుతున్నాయి.

నారపన్న నన్ను చూశాడు. "ఏం అయివారూ, మీరు గూడా వచ్చినారే! మన జీపులో వచ్చినారా?"

"బస్సులో. బిడ్డకు అన్నం తెచ్చినా."

"టిక్కెట్టెందుకు కొన్నారు అయివారూ, మనది గదా."

"నీది."

నవ్వాడు. బెంచీ చెక్కినప్పుడు చెవి మెలిపెడితే కూడా ఇట్లాగే నవ్వాడు.

జనవరి 27, శనివారం

సుగుణకు పిచ్చి పట్టింది. రేపు టిక్కెట్టున్న ప్రతివాడూ గేటు దగ్గరే బట్టలు విప్పి పార్కు చెడ్డీ వేసుకుని గాని లోపలికి పోకూడదట. బోర్డు ఎప్పటి నుంచో ఉంది — నైలాన్ దుస్తులు లేనిదే ప్రవేశం లేదు అని. ఎండాకాలం నీళ్ళలో దిగేవాళ్ళకు పెట్టిన రూలు అది. నారపన్న బెంగుళూరులో చవగ్గా లాటు కొన్నాడు. ఎవరూ కొనని రంగు, వంకాయ రంగు. బట్టల గదిలో గుట్టగా పడున్నాయి.

"ఏ పార్టీదీ కాని రంగు నాయనా అది," అంటుంది. "చెడ్డీలో కొడవలి దాచలేరు గదా."

ఎస్.ఐ. ఒప్పుకున్నాడట. ఆయన మీదికి రాకుండా ఏదొచ్చినా ఒప్పుకుంటాడు. నారపన్నకు చెప్పలేదు. చెప్తే ఒప్పుకోడు.

నేనన్నాను — తాతల నాటి పగలు, బాంబులు, కోర్టులు, శాంతి సంఘాలు. వీటన్నిటికీ లొంగని మనుషులు నువ్వు చెప్తే చెడ్డీ వేసుకుంటారా? మీసమున్నవాడు ఒక్కడూ వేసుకోడు.

"మీసమున్నోడే వేసుకుంటాడు, చూడు."

ప్రకాశం జ్వరం సంగతి మళ్ళీ ఎత్తలేదు. చెడ్డీల మూటలు మోస్తున్నాడు.

జనవరి 29, సోమవారం

నిన్న రాయలేదు.

పోకూడదనుకున్నాను, పోయాను. బట్టల గదిలో మూల కుర్చీలో కూచున్నాను. గదికి రెండు కిటికీలు, ఒకటి ఇటు రోడ్డుకు, ఒకటి అటు బండ్లు నిలిపే స్టాండుకు. నారపన్న బస్సులు ఇటు ఆగాయి. వీరప్ప లారీలు అటు. మధ్యలో నా కూతురు, గుట్టగా చెడ్డీలు.

అటు కిటికీలో మొదట వచ్చినవాడు గంగన్న. వీరప్పకు కుడిచెయ్యి. మీసం చెవుల దాకా.

"టిక్కెట్టుందా మామా?"

"ఉండాది."

"అయితే చెడ్డీ తీసుకో."

"ఏంది పాపా, పరాచికాలాడుతాండావా?"

"బోర్డు సూడు మామా. నారపన్న మనుషులు అప్పుడే మార్చుకుంటాండారు. మీకు సిగ్గయితే చెప్పు, దుడ్లు వాపసిస్తా. వీరప్ప మనుషులు సిగ్గుపడి తిరిగి పోయినారని రాసుకుంటాను."

"సిగ్గేంది? ఎవురికి సిగ్గు?" — వెనక్కి తిరిగి తన గుంపును చూశాడు. గుంపు ఆయన్ను చూసింది. "తే ఇట్ల."

అప్పటికి నారపన్న మనుషులు ఒక్కరు కూడా మార్చుకోలేదు. సుగుణ ఇటు కిటికీకి వచ్చింది. "మామా, వీరప్ప మనుషులు చెడ్డీలు వేసుకొని లోపలికి పోతాండారు. మీరు చలికి భయపడి బయటే ఉంటారా, ఏంది?"

నోరు తెరుచుకుని చూశాను. ఇంత పచ్చి అబద్ధం నా ఇంట్లో పుట్టిన పిల్ల, రెండు కిటికీలకూ సమానంగా పంచింది. అరగంట తిరక్కుండా అది నిజమయింది. మా సీమలో ఒక మనిషి చేత ఏ పనైనా చేయించాలంటే అవతలివాడు చేశాడని చెప్తే చాలు. నేను గ్రంథాలు తిరగేసి తెలుసుకున్న సంగతి ఇదే. వాడుకోవచ్చని మాత్రం తోచలేదు.

మూటలు కట్టి కొక్కేలకు తగిలిస్తున్నారు. కొన్ని మెత్తగా తగులుతున్నాయి. కొన్ని ఠంగుమంటున్నాయి. కూరగాయల సంచీల్ని ఎస్.ఐ. దండం పెట్టి మరీ మళ్ళీ బస్సుల్లోకే పంపించాడు. మూట ఇచ్చిన ప్రతివాడికీ సుగుణ అదే మాట — "ఇందులో ఏముందో నేను అడగను. టోకెనిస్తే మూట ఇస్తా. మూట తీసుకున్నోళ్ళు నేరుగా బయటికే. మళ్ళా లోపలికి రానీను." వాళ్ళ మూట పక్కన వీళ్ళ మూట. గోడ నిండిపోయింది.

లోపలికి పోయిన జనాన్ని చూసి అసహ్యమేసిందని రాయాలి. వేసింది కూడా. బొజ్జలు, పుల్లల్లాంటి కాళ్ళు, తాయెత్తులు. పేరు వింటే పల్లెలు తలుపులు మూసుకునే మనుషులు వంకాయ తొక్కలో కాళ్ళు దూర్చుకుని నిలబడ్డారు. సైజులు కలవలేదు. సగం మంది జారిపోతున్న చెడ్డీని ఒక చేత్తో పట్టుకున్నారు. ఒక చేత్తో చెడ్డీ పట్టుకున్నవాడు ఇంకో చేత్తో ఏం చేయగలడు?

చలి. గాలి. కాసేపు పళ్ళు కొట్టుకుంటూ నిలబడ్డారు, గుంపులు గుంపులుగా. గంగన్న కాలి వేలు ముంచి చూశాడు. "ఒరే, వెచ్చగుండాయి రా!" చలికాలం బోరు నీళ్ళు వెచ్చగా ఉంటాయి, పల్లెటూరి మనుషులై ఉండి కూడా ఆ సంగతి మరిచిపోయారు. దిగాడు. దిగారు. ప్రకాశం వేవ్ పూల్ స్విచ్చి వేశాడు. మొదటి అల వచ్చి గుంపుల్ని కలిపేసింది.

ఆ తరవాత నాకు వరస తెలియలేదు. కేకలు. మామా అని కేక, అప్పా అని కేక. జారుడు గొట్టం దగ్గర క్యూ. మా ఊళ్ళో రేషన్ అంగడి దగ్గర కూడా ఇంత బుద్ధిగా క్యూ కట్టింది నేను చూడలేదు. ఒకడి వీపు మీద భుజం నుంచి నడుము దాకా పాత గాటు. ఆ గాటు పెట్టినవాడు వాడి వెనకే నిలుచున్నాడని తరవాత మస్తాన్ చెప్పాడు. "తొందరగా జారప్పా, చలి పెడుతాంది" అన్నాడట. వాడు జారాడు.

మధ్యాహ్నం మంత్రి. శాలువా, ముక్కుకు జేబు రుమాలు. అటు నారపన్న, ఇటు వీరప్ప — వీళ్ళిద్దరూ పంచెలోనే ఉన్నారు. నాయకులకు రూలు వర్తించదని సుగుణ కూడా ఒప్పుకుంది. పండితుడు సాగరం పద్యం మొదలుపెట్టాడు, ఎవరూ వినలేదు.

మంత్రి ఆ జనాన్ని చూసి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అబ్బో, అన్‌సీజన్లో కూడా ఇంత రద్దీనా! నారపన్న గారూ, వీళ్ళలో మీవాళ్ళెవరండీ?"

నారపన్న చూశాడు. అన్ని తలలూ తడిసి ఒకటే. అన్ని చెడ్డీలూ ఒకటే. చాలాసేపు చూసి, ఒక గుంపు మీద చెయ్యి చాపాడు — "అదో, వాండ్లంతా మనోళ్ళే సార్."

ఆ గుంపు చేతులెత్తి అరిచింది — "వీరప్పన్నకు జై!"

వీరప్ప మీసం దువ్వి ఇంకో వైపు చూపించాడు. "అదో, ఆ గొట్టం కాడుండేది మావాండ్లు సార్." గొట్టం దగ్గరివాళ్ళు తిరిగి కూడా చూడలేదు. వాళ్ళ వంతు వచ్చింది.

మంత్రి నవ్వాడు. నవ్వుతూనే కారెక్కి పోయాడు.

నాకూ నవ్వొచ్చింది. ఎవరూ చూడలేదు.

సాయంత్రం టోకెన్లిచ్చి, మూటలు తీసుకుని, ఎటు వచ్చినవాళ్ళు అటు పోయారు. ఒక్క దెబ్బ లేదు. ఒక చెడ్డీ మాత్రం చినిగింది.

జనవరి 30, మంగళవారం

పనిదినం. అయినా పార్కుకు జనం వచ్చారట. ఆదివారం వచ్చినవాళ్ళే కొందరు, ఈసారి పెండ్లాం బిడ్డలతో, ఆర్టీసీ బస్సులో. ఎవరి తరఫునా కాదు. "బోరు నీళ్ళు వెచ్చగుంటాయంట గదా" అని అడిగారట.

మస్తాన్ — "సారూ, మీ సుగుణమ్మను కలెక్టరు చేయల్ల."

నా బిడ్డను మెచ్చుకుంటే టీ చేదుగా ఉందన్నాను.

ఫిబ్రవరి 1, గురువారం

అనుకున్నంతా అయింది. నారపన్న ప్రకాశాన్ని పిలిపించి ఆఫీసు తలుపు వేయించాడట. "మంత్రి ముందర నా మనుషుల్ని నేనే గుర్తుపట్టలేకపోతినే! చెడ్డీలు తొడిగించింది ఎవురు? ఎవురి తెలివి ఇది?"

ప్రకాశం సుగుణ పేరు చెప్పలేదు. ఆ మాత్రం ఉంది. "మా మామది సార్" అన్నాడట.

నా ముందు నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాడు. "తప్పయింది మామా. నోట్లోంచి వచ్చేసింది."

కొట్టాలనిపించింది. మరుక్షణం — వీడు మొదటిసారి సరైన అబద్ధం ఆడాడనిపించింది.

అసలు సంగతి అది కాదు. శివరాత్రి సెలవులకు రెండు రంగులు తెప్పిస్తున్నాడట నారపన్న. తనవాళ్ళకు తెల్లవి. మిగతావాళ్ళకు వంకాయవి. బట్టల గదులు కూడా రెండట, మధ్యలో గోడ. ఏ గదిలో మూటలు తనిఖీ లేకుండా పోతాయో వేరే చెప్పాలా? నీళ్ళలో తెల్ల చెడ్డీ, వంకాయ చెడ్డీ — చంపేవాడికి ఇంతకంటే ఏం కావాలి, వేటకు గుర్తులు కట్టిచ్చినట్టు. తెల్లవి పంచేది ఎవరు? ప్రకాశం. పంచిన రోజు నుంచి మేము తెల్ల పార్టీ.

ఫిబ్రవరి 2, శుక్రవారం

వీరప్ప నుంచీ కబురు. గంగన్న వచ్చి మస్తాన్ కొట్టు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. మర్యాదగానే — "అయివారూ, మావాండ్లకు వేరే రంగు కావల్లంటాండాడు మా అన్న. మంత్రికి కనపడల్ల గదా. మీరే పెట్టించినారంట, మీరే మార్పించండి."

ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మొదటి సంగతి: రెండు రంగులు.

పోబోతూ గంగన్న ఆగాడు. "నీళ్ళు మాత్రం శానా బాగుండాయి అయివారూ." అని సిగ్గుపడ్డాడు. మీసమున్నవాడు సిగ్గుపడితే చూడ్డానికి రోతగా ఉంటుంది. ఏమో, లేదు కూడా.

ఫిబ్రవరి 3, శనివారం

రేపు ఆదివారం ఇద్దరూ పిలిచారు. నారపన్న పార్కుకు. వీరప్ప జమ్మలమడుగులో ఇంటికి. దోవ ఒకటే.

ఇద్దరికీ ఒకటే మాట చెప్తాను. ఒకటే రంగు, ఒకటే గది. కాదంటే ఆ గేటు దగ్గర మా ఇంటి మనిషి ఉండడు. చెడ్డీలు ఎవరి చేత పంచించుకుంటారో పంచించుకోండి. ఆలోచన ఎవరిదంటే నాదే అంటాను. ముసలివాణ్ణి ఏం చేస్తారు, చెవి మెలిపెడతారా.

సుగుణ విన్నది. "నాది నువ్వెట్ల చెప్పుకుంటావు నాయనా?"

"నోరు మూసుకో."

"బతుకంతా ఎవురి జోలికీ పోకుండా పుస్తకాలు పట్టుకొని కూచున్నావు. ఇప్పుడు నా పని నీదని పేరు తెచ్చుకుంటావా?"

"పేరు కాదే, పీక."

"ఎవురిదైతే ఏంది, పీకే గదా."

అన్నం తినకుండా లేచాను. వాళ్ళమ్మ ఉంటే ఈపాటికి ఇద్దరినీ తిట్టి పడుకోబెట్టేది. నా మీద నాకే అసహ్యం — కోపం సుగుణ మీద కాదు, ఆ ఆలోచన నిజంగా నాది కాకపోయిందే అని.

ఫిబ్రవరి 4, ఆదివారం

చర్చికి పోలేదు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.

హారన్లు. సందుకు ఆ చివర ఒక జీపు, ఈ చివర ఒక జీపు. చెరో వైపు నుంచి వచ్చి మా వాకిలి ముందు ముక్కుకు ముక్కు ఆనించాయి. పక్కకు తిరిగే చోటు లేదు. వెనక్కి ఎవరూ పోరు, పోతే ఓడినట్టు. మస్తాన్ కొట్టు రేకు దించేశాడు. డ్రైవర్లిద్దరూ నా వాకిలినే చూస్తున్నారు. "అయివారూ, ఎక్కండి." "అయివారూ, ఈడ ఎక్కండి."

ప్రకాశం తలుపు వెనక నిలబడ్డాడు. సుగుణ నా చెప్పులు తెచ్చి పెట్టింది. చూస్తే తనూ వేసుకుంది.

"ఎవురి జీపెక్కుతావు నాయనా?"

నడిచి పోతానన్నాను.

"పార్కు యాడుండాదో తెలుసు గదా? ఎండ పడుతాది."

తెలుసు. నడిచే పోతా. కావాలంటే రెండు జీపులూ నా వెనక రానీ, ముందు సందులోంచి ఎవరు వెనక్కి పోతారో తేల్చుకుని. సుగుణను ఉండమన్నాను. ఉండదు. గొడుగు తీసింది, ఇద్దరికీ సరిపోదది.

హారన్ మళ్ళీ.